నికాంద్రో కోసం నాలుగు గుళ్లు

కొల్లెస్పీనా
1950 ఏప్రిల్ 23, ఆదివారం

అదెలీనా,

నేను బాగున్నాను, మోకాలు బాగులేదు. ఈ రెండు ముక్కలతో నా కబుర్లు అయిపోయినట్టే. కొండ మీద మంచు ఇంకా కరగలేదు. కోళ్లు మాత్రం వసంతం వచ్చేసిందనుకుని గుడ్లు పెట్టేస్తున్నాయి.

వచ్చే నెల మీ గుడి విచారణ వాళ్లు రోము యాత్రకు వెళ్తున్నారనీ, అందులో నువ్వూ ఉన్నావనీ మరిది బెరార్దో రాసిన కార్డు వల్ల తెలిసింది. నువ్వెందుకు రాయలేదో నాకు తెలుసు. అక్క కూడా వస్తానంటుంది, ఆ కుంటిదాన్ని ఎక్కడ మోసుకు తిరగను అనుకుని ఉంటావు. భయపడకు, రాను. మన గుడి మెట్లు ఎక్కడానికే నాకు ఇద్దరి భుజాలు కావాలి. కానీ నాకొక పని చేసిపెట్టాలి.

ఈ పవిత్ర సంవత్సరం సంగతి ఫాదర్ ఎలీజియో మొన్న ప్రసంగంలో చాలాసేపు చెప్పారు. సగం జనం నిద్రపోయారు, నేను పోలేదు. నాకు అర్థమైంది ఇదీ: ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుని, సత్ప్రసాదం తీసుకుని, రోములో ఆ నాలుగు పెద్ద గుళ్లూ తిరిగి జపాలు చెప్పుకుంటే పరిపూర్ణ ఫలం దొరుకుతుంది. దాన్ని మనకే ఉంచుకోవచ్చు, లేదా చనిపోయినవాళ్లలో ఒకరికి ఇవ్వచ్చు. ఇస్తే ఆ మనిషి, మోక్షానికి ముందు పాపాలు కడిగే ఉత్తరించు స్థలంలో తాను కాలుతున్న చోటునుంచి లేచి దులుపుకుని నేరుగా మోక్షానికి వెళ్లిపోతాడు. ఇంకా ఇన్నేళ్లుండాలి, అన్నేళ్లుండాలి అనే పేచీ లేదు.

ఆ ఫలం మీ బావకు ఇవ్వు.

ఆయన పోయి ఏడేళ్లయింది. ఎలా పోయాడో నీకు తెలుసు. అన్యోనె సంత నుంచి తాగి వస్తూ మంచులో కంచరగాడిద మీంచి పడ్డాడు. ఫాదర్ లేరు, సంకీర్తనం లేదు. పడేటప్పుడు నోట్లో ఏ మాట ఉండి ఉంటుందో కూడా మనం ఊహించుకోగలం, మామూలుగా దేవమాతను తిట్టే మాటే అయి ఉంటుంది. అలాంటివాడు అక్కడినుంచి తనంత తాను ఎప్పటికి బయటపడతాడు? నేను చేయించగలిగిన పూజలు చేయించాను. ఎన్ని పూజలైతే చాలుతాయో ఎవరూ చెప్పరు. ఇదైతే ఒక్క దెబ్బతో తేలిపోతుంది.

నాలుగో గుళ్లో ఆయన పేరు పూర్తిగా చెప్పు. నికాంద్రో ది రియెంజో, కొల్లెస్పీనా వాడు, కంచరగాడిదల నికాంద్రో. ఒట్టి నికాంద్రో అంటే ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవడికి పోతుందో ఏమో. ఆ పేరుగలవాళ్లు బోలెడు మంది చచ్చారు.

ఈ మూటలో అక్రోట్లు, ఒక జున్నుముద్ద, నా నల్ల జోళ్లు పెట్టాను. జోళ్లు వేసుకునే తిరుగు. తోలు మంచిది. మా పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆయన నాకోసం కొన్నది అదొక్కటే. ఆయన పనికి ఆయన కొన్న జోళ్లే ఉండడం న్యాయం.

మరచిపోకు. ఇది నాకు చాలా ముఖ్యం.

నీ అక్క
ఎర్సీలియా


రోము
1950 మే 11, గురువారం

అక్కా,

సన్యాసినుల వసతిలో మంచం మీద కూర్చుని, రెండు కాళ్లూ ఉప్పునీళ్ల బొచ్చెలో పెట్టి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నా తప్పు కాదు, పక్క మంచం మీద పాల్మీరా పడుకుని గురక పెడుతోంది, దానికి బల్ల కూడా ఊగుతోంది. పాల్మీరా అంటే మా తెర్మోలి చేపల బజారులో ఉండే ఆవిడ, ఇద్దరు మొగుళ్లను సాగనంపింది. నీకు ఒకసారి ఎండు చేపలు పంపింది ఆవిడే.

రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చాం. సత్ప్రసాదం తీసుకోవాలి గనక అర్ధరాత్రి దాటాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. స్టేషన్లో దిగగానే మా ఫాదర్ తర్సీచియో జెండా పైకెత్తి, "నడిచినవాళ్లకు నిండు ఫలం, ట్రాము ఎక్కినవాళ్లకు ఏం దొరుకుతుందో నేను చెప్పలేను" అన్నారు. పావుగంట తరవాత చూస్తే జెండా మా చేతిలో ఉంది, ఆయన ట్రాములో ఉన్నారు. కాళ్లవాపు అట. కిటికీలోంచి మమ్మల్ని దీవించారు.

పేతురుగారి గుడి ముందు జనం ఎలా ఉన్నారంటే చెప్పలేను. పాతికేళ్లకొకసారి గోడ పగలగొట్టి తెరిచే ఆ పవిత్ర ద్వారం దగ్గర జర్మన్లున్నారు. అవును, జర్మన్లే. మన ఊరు తగలబెట్టి ఏడేళ్లు కాలేదు, జపమాలలు పట్టుకుని మాకన్నా ముందు వరసలో నిల్చున్నారు. పాల్మీరా మోచేత్తో ఒకణ్ణి పక్కకు నెట్టి, "మీరు మా ఇళ్లలోకి వచ్చేటప్పుడు వరస పాటించారేమిట్రా!" అని ముందుకెళ్లింది. వాడికి భాష రాదు, క్షమాపణ చెప్పాడు. నాకెందుకో వాడి మీద జాలేసింది. వాడి జోళ్లు కూడా బిగుతుగా ఉన్నట్టున్నాయి.

లోపల ఎంత పెద్దదంటే, దేవుడు ఎటువైపున్నాడో అడగాలి. పూజ విన్నాం, సత్ప్రసాదం తీసుకున్నాం, జపాలు చెప్పుకున్నాం. బయటికి వచ్చాక కాఫీ, రొట్టె. ఆ రొట్టె రుచే ఈ రోజంతటిలోకీ నాకు బాగా గుర్తున్నది.

రెండోది పౌలుగారి గుడి. ఊరు దాటి, నది పక్కనే పోతూ పోతూ ఉండాలి. ఎండ మొదలైంది. మూడో అంతస్తు కిటికీలోంచి ఒక రోము ఆడమనిషి దుప్పట్లు దులుపుతూ, "అమ్మలూ, దేవుడు ట్రాములు కూడా చేశాడు, ఎక్కండి! ఆయనేం ఏడవడు!" అని అరిచింది. ఇక్కడివాళ్లకు భక్తి ఎక్కువ చూసీ చూసీ విసుగనుకుంటాను. పాల్మీరా ఊరుకుంటుందా. "మాకోసం ఏడ్చేవాళ్లు అవతల ఉన్నారు లేవే, నీ దుప్పటి దుమ్ము మా నెత్తిన పోయకు!" అంది.

అక్కడినుంచి మూడోదానికి వెళ్తుంటే దారంతా కూలిన గోడలే. ఎక్కడ చూసినా సగం గోడ, సగం స్తంభం, వాటిమీద గడ్డి, గడ్డిలో పిల్లులు. జనం డబ్బిచ్చి మరీ చూస్తున్నారు. మన కొల్లెస్పీనా కాలిపోతే మరుసటి వేసవికల్లా కప్పులు వేసుకున్నాం. వీళ్లు రెండు వేల ఏళ్లుగా ఏం చేస్తున్నారని పాల్మీరా ఒక పోలీసును అడిగింది. అతను నవ్వలేదు. "మేస్త్రీ కోసం ఎదురు చూస్తున్నామమ్మా" అన్నాడు.

అక్కా, నీ జోళ్లు. వాటి గురించి చెప్పాలి. నది దగ్గరే బొటనవేళ్లు మొదలెట్టాయి. మూడో గుడి, యోహానుగారిది, దాని ముందుకు వచ్చేసరికి మడమల దగ్గర మేజోళ్లు తడిగా ఉన్నాయి. అందరూ యేసుప్రభువు ఎక్కిన మెట్లని చెప్పే పవిత్ర సోపానాలు మోకాళ్ల మీద ఎక్కడానికి వెళ్లారు. నేను వెళ్లలేదు. బయట కుళాయి దగ్గర కూర్చుని జోళ్లు విప్పాను. నీళ్లు ధారగా పోతూనే ఉంటాయి ఇక్కడ, ఎవరూ కట్టేయరు. కాళ్లు దాని కింద పెట్టి ఆ జోళ్లకేసి చాలాసేపు చూశాను. మన ఇద్దరి పాదాలూ ఒక్కటే కొలత కదా, అమ్మ మనిద్దరికీ ఒకే జత కొనేది, ముందు లేచినవాళ్లు వేసుకునేవాళ్లం.

పాల్మీరా సోపానాలు ఎక్కి వచ్చి నా పక్కన కూలబడింది. ఫలం ఏ మొగుడికి ఇవ్వాలో తేలక పొద్దుటినుంచీ మథనపడుతోంది. చెరో రెండు గుళ్లు పంచచ్చా అని ఫాదర్ని అడిగింది, కుదరదన్నారు. "అయితే రెండోవాడికే ఇస్తా. మొదటివాడు గట్టివాడు, వాడి దారి వాడే చూసుకుంటాడు" అని తేల్చేసింది.

నాలుగోది మరియమ్మ గుడి, ఒకటే తిన్నని వీధి. దాన్ని ఎలా నడిచానో చెప్పలేను. పిల్లలు ఇసకలో బరువైన సంచీని ఈడ్చుకెళ్లినట్టు నన్ను నేను ఈడ్చుకెళ్లాను. సాయంత్రం గుళ్లో జనం పల్చబడ్డాక స్తంభానికి ఆనుకుని జపాలు ముగించి, ఇవ్వవలసిన పేరు పైకే చెప్పాను. పక్కన ఉన్నవాళ్లు తిరిగి చూశారు కూడా.

రేపు ఇంకా చూపిస్తారట. ఏం చూపించినా కూర్చునే చూస్తాను.

నీ చెల్లెలు
అదెలీనా


కొల్లెస్పీనా
1950 మే 28, పెంతెకోస్తు

అదెలీనా,

నీ వంకర అక్షరాలు అంతుపట్టక ఉత్తరం ఫాదర్ ఎలీజియో చేత ఒకసారి చదివించుకుని, తరవాత నేనే కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. పిల్లుల గురించి రాశావు. దుప్పట్ల గురించి రాశావు. పాల్మీరా తన ఫలం ఎవరికిచ్చిందో రాశావు. నాకు తెలియని ఆవిడ మొగుడు మోక్షానికి వెళ్లిన సంగతి నాకు తెలుసు గానీ, నా మొగుడి సంగతి తెలియదు. "ఇవ్వవలసిన పేరు" అంటే ఏ పేరు?

ఊరికే అడగడం లేదు. మొన్న బుధవారం ఆయన కలలోకి వచ్చాడు. పొయ్యి పక్కన తన పీట మీద కూర్చున్నాడు, బూట్లు విప్పకుండా. నేను అప్పుడే తుడిచిన నేల మీద బురద. "కూడేదీ?" అన్నాడు. ఎప్పటి గొంతే. మోక్షానికి వెళ్లినవాడు కూడు అడుగుతాడా? పెట్టకపోతే అక్కడ ఎవరూ పెట్టరా? నేను లేచి గిన్నె తీయబోయి మెలకువ వచ్చింది. చూస్తే నిజంగానే అల్మారా ముందు నిల్చుని ఉన్నాను, చేతిలో గిన్నె ఉంది.

పక్కింటి తెరెసీనా ఏమంటుందంటే, పోయినవాళ్లు మనల్ని వదిలి వెళ్లలేక అలా వస్తారట. "పాపం, నీమీద ప్రాణం కాబోలు" అంది. చచ్చినవాడి కళ్లు చారెడు. ఆయన బతికున్నప్పుడు మా ఇంట్లో కేకలు విని కిటికీ తలుపులు వేసుకున్నది కూడా ఈ తెరెసీనాయే.

ఒక్క ముక్కలో రాయి. ఆయన పేరు చెప్పావా, లేదా?

జోళ్ల గురించి బాధపడకు. కొత్తలో ఎవరికైనా కరుస్తాయి. తిరిగి పంపించు, పండగకు కావాలి.

అక్క


తెర్మోలి
1950 జూన్ 9

అక్కా,

చెప్పలేదు.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. ఇక మిగతా ముక్కలు కూడా విను.

పొద్దున రైలు దిగినప్పుడు బావ కోసమే దిగాను. మొదటి గుళ్లో ఆయన కోసమే జపం చెప్పాను. రెండోదానికి వెళ్లే దారిలో నీ జోళ్లు నన్ను కొరుక్కుతినడం మొదలెట్టాక నాకో సంగతి తట్టింది. ఇవి నాకు చిన్నవంటే నీకూ చిన్నవే. కొత్తలో కరవడం కాదు అది. కొనేటప్పుడు నీ కొలత అడగాలని కూడా ఆ మనిషికి తోచలేదు. ఇవి బిగుతు అని నువ్వూ ఎన్నడూ చెప్పలేదు. ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం వీటిని వేసుకుని, ఆ కొండ మెట్లెక్కి, నవ్వుతూ గుడికి వెళ్లావు. నీ మోకాలు ఎందుకు పాడైందో ఆ కుళాయి దగ్గర కూర్చుంటే నాకు తెలిసింది.

అప్పుడు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నేను పెళ్లై తెర్మోలి వచ్చిన ఏడు, ఈస్టరుకు మీ ఇంటికి వస్తే నీ ఎడమ చెయ్యి వాచి ఉంది. "గాడిద తన్నింది" అన్నావు. అది నీకన్నా సాధుజంతువు అక్కా. అది తన్నే ఉంటే ఆ చెయ్యి ఉండేదే కాదు. నేను ఆ రోజు నమ్మినట్టు తల ఊపాను, నువ్వూ నేను నమ్మినట్టే ఊరుకున్నావు, బావ మనిద్దరికీ ద్రాక్షసారా పోశాడు.

నా కాళ్ల నెత్తురు ఆ మనిషికి ఎందుకివ్వాలి? ఏడేళ్లుగా పూజలు చేయిస్తున్నావు, నల్లబట్టలు విప్పలేదు, ఇంకా ఆయన కూటి గిన్నె కోసం నిద్రలో లేచి వెతుకుతున్నావు. బతికినన్నాళ్లూ చాకిరీ చేశావు, ఇప్పుడు చచ్చాక కూడానా? నేను నాలుగో గుళ్లో చెప్పిన పేరు నీది. ఎర్సీలియా, కొల్లెస్పీనా మనిషి, నా అక్క. ఆ ఫలం నువ్వు తీసుకో. ఆయన అక్కడ ఇంకొంతకాలం కాలితే లోకం ఏం మునిగిపోదు.

జోళ్లు పంపించను. పాల్మీరాకు ఇచ్చేశాను, ఆవిడవి చిన్న పాదాలు. నీకు సరిపోయేవి నేనే కుట్టిస్తాను. కొలత నాకు తెలుసు.

కోప్పడు, ఫరవాలేదు.

అదెలీనా


కొల్లెస్పీనా
1950 జూన్ 18

అదెలీనా,

నిన్న నికాంద్రో పునీతుడి పండగ. ఊళ్లో ఆ పేరుగలవాళ్లందరికీ శుభాకాంక్షలు చెప్పారు. నేను గుడికి చెప్పులతో వెళ్లాను. నా జోళ్లు చేపల బజారులో తిరుగుతున్నాయి కదా.

నీ ఉత్తరం ఫాదర్ ఎలీజియోకు చూపించలేదు, సంగతి మాత్రం అడిగాను. ఆయన తల పట్టుకున్నారు. "బతికున్నవాళ్లకు ఇంకొకరు ఇవ్వడం కుదరదమ్మా. చచ్చినవాళ్లను మోయచ్చు గానీ బతికున్నవాళ్లు ఎవరి కాళ్లతో వాళ్లే నడవాలి" అన్నారు. కాబట్టి నువ్వు నాకిచ్చింది నాకు చేరలేదు. నికాంద్రోకీ చేరలేదు. నీకే మిగిలిందో, గాలికి పోయిందో దేవుడికే తెలియాలి. రాత్రంతా రైలు, రోజంతా ఎండ, కాళ్ల నిండా పుళ్లు, ఫలం ఎవరికీ లేదు. తెలివితేటలంటే నీవే.

ఇప్పుడు నువ్వు విను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

నేను ఆయన మీద ప్రేమతో అడిగాననుకున్నావా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. నేను చచ్చాక ఎక్కడికి పోతాను? నరకానికి పోను, అంత ఘోరం ఏమీ చేయలేదు. తిన్నగా మోక్షానికీ పోను. ఆయన పోయాడని కబురొచ్చిన పొద్దున నాకు మొదట తోచింది ఏమిటో తెలుసా, ఇవాళ పొయ్యి నాకు ఇష్టమైనప్పుడు వెలిగించుకోవచ్చు అని. అలాంటిదాన్ని నేరుగా పైకి ఎవరు రానిస్తారు? నేను పోయేది ఉత్తరించు స్థలానికే. అక్కడ ఎవరున్నారు? పొయ్యి పక్కన పీట వేసుకుని, బురద బూట్లతో, "కూడేదీ?" అంటూ ఎవరు కూర్చున్నారు?

మంటలకు నేను భయపడను. ఆ వంటింట్లో అలవాటే. ఆయన ఉన్న చోట ఉండలేను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, ఇక్కడ పద్దెనిమిదేళ్లు చాలక అక్కడ ఎన్నేళ్లో. అందుకే ఆయన్ని నాకన్నా ముందు పైకి పంపించేయాలని నా తాపత్రయం. మోక్షంలో చోటు విశాలం అంటారు. అక్కడ దేవదూతలు ఆయన్ని చూసుకుంటారు. నేను వెళ్లేసరికి ఆయన ఉండకూడదు, అంతే.

ఇంకా టైముందిలే అంటావేమో. మే నెలలో ఇసెర్నియా వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. మోకాలి కోసం వెళ్తే ఆయన గుండె విన్నాడు. చాలాసేపు విన్నాడు. విన్నాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీకు పిల్లలున్నారా?" అని అడిగాడు. లేరన్నాను. మంచిది అన్నాడు. ఇక దాని అర్థం నువ్వే చెప్పు.

నువ్వు నాకు మంచే చేయబోయావు, నాకు తెలుసు. ఆ ఈస్టరు సంగతి నీకు గుర్తుందని నాకు తెలియదు. కానీ మంచి చేసేముందు అడగాలే పిచ్చిదానా.

ఎర్సీలియా


తెర్మోలి
1950 జూలై 2

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. ఇంట్లో అందరూ ఏమైందని అడిగారు, చెప్పలేకపోయాను. తరవాత ఆ డాక్టరు కిటికీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. రాత్రి అన్నం తినలేదు.

నీ మనసులో ఆయన ఇంకా ఉన్నాడనుకున్నాను. ఉన్నాడు గానీ ఇలా ఉన్నాడనుకోలేదు. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే నేను ఆయన పేరు నాలుగు గుళ్లలోనూ గంట కొట్టినట్టు చెప్పేదాన్ని. మనిద్దరమూ అంతే. జోళ్లు బిగుతైతే చెప్పం, చెయ్యి వాస్తే చెప్పం, ఫలం ఎందుకు కావాలో కూడా చెప్పం. అమ్మ కూడా ఇంతే, పోయే వారం ముందు దాకా ఆవిడకు నొప్పి అని ఎవరికి తెలుసు?

మళ్లీ వెళ్తాను. అక్టోబరులో బెరార్దో రైల్వే పాసు మీద వెళ్లచ్చు. ఈసారి చెప్పులతో నడుస్తాను, ట్రాము కూడా ఎక్కుతాను, ఫాదర్ తర్సీచియో ఏమన్నా సరే. ఆయన పూర్తి పేరు, ఊరు, కంచరగాడిద పేరుతో సహా చెబుతాను. అప్పటిదాకా నువ్వు ఎక్కడికీ పోకు. ఇది నా ఆజ్ఞ అనుకో.

వేరే డాక్టరుకు చూపించుకో. ఇక్కడికి వస్తే నేను తీసుకెళ్తాను.

నీ అదెలీనా


తెర్మోలి
1951 జనవరి 4

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి వారంగా కాగితం ముందు పెట్టుకుని తీసేస్తున్నాను. వెళ్లలేకపోయాను. అక్టోబరులో అత్తగారు మేడమెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిణ్ణి లేపాలన్నా కూర్చోబెట్టాలన్నా నేనే. నవంబరు అనుకున్నాను, చిన్నదానికి కోరింతదగ్గు. డిసెంబరు అనుకున్నాను, బెరార్దోకు సెలవు దొరకలేదు. క్రిస్మస్‌కు ముందురోజు రేడియోలో చెప్పారు, పవిత్ర ద్వారాలు మూసి ఇటుకలు పేర్చేశారట. ఇంట్లో అందరూ పండగ బాదం పాలు తాగుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మళ్లీ తెరిచేది పాతికేళ్లకు. అప్పటికి నాకు అరవై దాటుతాయి. నీ సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నీ పనిని నేనే పాడుచేశాను. చేసేముందు అడగాలన్నావు. ఆ మాట రోజూ గుర్తొస్తుంది.

కొత్త జోళ్లు పంపుతున్నాను, మెత్తటి తోలు. కనీసం ఇవి సరిపోతాయి.

అదెలీనా


కొల్లెస్పీనా
1951 ఏప్రిల్ 8

అదెలీనా,

ఏడవకు. ఆ వంటింటి ఏడుపు నాకు తెలుసు, దానివల్ల పొయ్యి ఆరిపోవడం తప్ప ఏం ఒరగదు. జోళ్లు అందాయి. బాగున్నాయి. గూట్లో పెట్టాను. ఎందుకు వేసుకోలేదో చెబుతాను.

ఫిబ్రవరిలో ఫాదర్ ఎలీజియో పూజలో బిషప్పుగారి, అదే మేత్రాణులవారి ఉత్తరం చదివారు. రోము వెళ్లలేని బీదాబిక్కీ కోసం ఆ ఫలాన్ని ఈ ఏడాదంతా అన్ని దేశాలకూ ఇచ్చారట. ఎవరి ఊళ్లో వాళ్లు నాలుగు గుళ్లు తిరిగితే చాలు. మా ఊళ్లో నాలుగెక్కడున్నాయి? రెంటిని జర్మన్లు కాల్చేశారు. ఇక మిగిలినవి కింద పెద్ద గుడి, పైన కొండకొమ్మున మరియమ్మ చిన్న గుడి. వాటికే రెండేసి సార్లు వెళ్తే సరిపోతుందన్నారు ఫాదర్. "కానీ ఎర్సీలియమ్మా, నీ మోకాలితో పైగుడికి రెండుసార్లంటే..." అని నసిగారు. "బతికున్నవాళ్లు ఎవరి కాళ్లతో వాళ్లే నడవాలన్నది మీరే కదా" అన్నాను.

ఈస్టరు అయ్యాక మంచు కరిగి, దారంతా బురద బురదగా ఉంది. నీ మెత్తటి జోళ్లను ఆ బురదలో దించడానికి నాకు మనసొప్పలేదు. నాలుగు అడుగులకే తోలు ఊడిపోయేది. మూల పెట్టెలో ఆయన బూట్లున్నాయి. వాటిలో గుడ్డపీలికలు కుక్కి వేసుకున్నాను. పాపాలు ఆయనవైనప్పుడు బురద ఆయన బూట్లకే అంటనీ అనుకున్నాను.

ఆ బూట్ల చప్పుడు నీకు తెలుసు కదా, కింద మేకులుంటాయి. వీధిలోకి రాగానే తెరెసీనా తలుపు తీసుకుని వచ్చి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓసి ఎర్సీలియా! నీ మొగుడు లేచొచ్చాడనుకున్నానే తల్లీ!"

"లేచొచ్చాడమ్మా. సాగనంపడానికే పోతున్నా" అన్నాను.

కిందిగుడి అయింది. పైగుడికి కర్ర పట్టుకుని బయలుదేరాను. మలుపు మలుపుకూ కూర్చున్నాను. ఒకసారి బురదలో బూటు ఇరుక్కుని కాలు మాత్రం బయటికి వచ్చింది. ఎవరూ లేరు కదా అని ఆయన వాడే మాటే ఒకటి నా నోటినుంచీ వచ్చింది, దానికి మళ్లీ సంకీర్తనం చేసుకోవలసి వచ్చింది. పైన జపాలు చెప్పుకుని, దిగి వచ్చి కిందిగుడిలో మళ్లీ చెప్పుకుని, సూప్ తాగి, మళ్లీ ఎక్కాను. రెండోసారి మోకాలు నాది కానట్టే ఉంది. నీ రోములో నువ్వు ఆ తిన్నని వీధిలో నిన్ను నువ్వు ఈడ్చుకెళ్లావని రాశావే, ఆ ముక్కను తలుచుకుంటూ నేనూ నన్ను ఈడ్చుకెళ్లాను. ఒకసారి "లే అదెలీనా, ఇంకొంచెమే" అని నీతో మాట్లాడాను కూడా.

పైగుడిలో నేనొక్కదాన్నే. ఆయన పేరు పూర్తిగా చెప్పాను. నికాంద్రో ది రియెంజో, కొల్లెస్పీనా వాడు, కంచరగాడిదల నికాంద్రో. ఆ పేరు పలికేటప్పుడు నాలో ఏం కదులుతుందోనని చూశాను. ప్రేమ లేదు. కోపం కోసం వెతికాను, అదీ దొరకలేదు, దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుంది. అలసట ఒక్కటే ఉంది. "ఇక నువ్వు వెళ్లు" అన్నాను. చెప్పవలసింది అంతకన్నా తోచలేదు.

ఇంటికొచ్చి బూట్లు విప్పి ఆరడానికి పొయ్యి పక్కన పెట్టి, కుర్చీలో కునుకు తీశాను. వచ్చాడు. ఈసారి కూర్చోలేదు, కూడు అడగలేదు. బూట్లు చూశాడు, తీసి తొడుక్కున్నాడు, మేకుకు ఉన్న టోపీ అందుకున్నాడు. నా వైపు చూడలేదు. బయటికి వెళ్లిపోయాడు. తలుపు వెయ్యలేదు. ఏనాడు వేశాడు గనక? పద్దెనిమిది చలికాలాలు ఆ తలుపు వెయ్యమని అరిచాను.

చల్లగాలి కొట్టి మెలకువ వచ్చింది. బూట్లు పొయ్యి పక్కనే ఉన్నాయి. తలుపు మాత్రం నిజంగానే తెరిచి ఉంది, వచ్చేటప్పుడు నేనే సరిగా వేసి ఉండను.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. రమ్మన్నావు గనక వేసవిలో తెర్మోలి వస్తాను, నీ డాక్టరుకు చూపించు. ఆయన కిటికీలోంచి చూసినా సరే, గోడకేసి చూసినా సరే, నాకిప్పుడు భయం లేదు. నీ రోము ఫలం నీకే మిగిలిందని ఫాదర్ అంటున్నారు, జాగ్రత్తగా పెట్టుకో, పాల్మీరాతో తిరిగి పాడుచేసుకోకు. నీ జోళ్లు ఈ ఆదివారం గుడికి వేసుకెళ్లాను. ఎక్కడా కరవలేదు. వేసుకున్నానన్న సంగతే దారిలో మరిచిపోయాను.

ఆయన వెళ్లిపోయిన ఆ రోజు మోకాలు నొప్పికి కుర్చీలోంచి లేవడం కష్టమైంది. అయినా లేచాను. నా తలుపు నేనే వేసుకుని, గడియ పెట్టుకున్నాను.

నీ అక్క
ఎర్సీలియా